చెవితో విని బ్యాంకు సంక్షోభాన్ని అర్థం చేసుకోవడం ఎలా

1933 మార్చి 12, ఆదివారం రాత్రి. అమెరికాలో బ్యాంకులన్నీ మూతపడి దాదాపు వారం. జనం చేతిలో ఉన్న నగదు అయిపోతోంది. లోపల చిక్కుకున్న డబ్బు వస్తుందో రాదో తెలియదు. ఎనిమిది రోజుల కిందటే అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రేడియోలో మాట్లాడుతూ, అసలు బ్యాంకు ఎలా పనిచేస్తుందో ముందుగా చెప్పుకొచ్చాడు. మీరు వేసిన డబ్బును బ్యాంకు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయదు, బాండ్లలోనూ తాకట్టు అప్పుల్లోనూ వ్యాపారాలకిచ్చే అప్పుల్లోనూ పెడుతుంది, అందువల్ల అందరూ ఒక్కసారే వచ్చి అడిగితే ఎంత మంచి బ్యాంకయినా ఇవ్వలేదు అని. పావుగంట పట్టింది, అంతే. మర్నాటి నుంచి బ్యాంకులు తెరుచుకుంటుంటే జనం వరసలు కట్టారు. ఈసారి డబ్బు తీసుకోవడానికి కాదు, వెనక్కి వేయడానికి. ఇళ్లలో దాచుకున్న నగదులో సగానికి పైగా రెండు వారాల్లో బ్యాంకులకు తిరిగి చేరింది.

చదివితే తలకెక్కని విషయం వింటే ఎక్కుతుందని నేను గట్టిగా నమ్మడానికి ఆ పావుగంట ఒక కారణం. ఇంటి అప్పులు వసూలు కాక అమెరికాలో పెద్ద పెద్ద బ్యాంకులు కూలిన 2008 సంక్షోభం మీద వచ్చిన రేడియో కథనాలు ఇంకో కారణం. అంకెలు, పొట్టి అక్షరాల పేర్లు, పటాలతో నిండిన పేజీని పక్కన పెట్టేసే మనిషి కూడా, ఎదుటివాడు తన అప్పు కథ చెబుతుంటే ఆగి వింటాడు.

కానీ ఊరికే వినడం చాలదు. నడుస్తూనో పని చేసుకుంటూనో వింటే గంట గడిచిపోతుంది, అంతా అర్థమైనట్టే ఉంటుంది, మర్నాడు ఎవరైనా అడిగితే నోట మాట రాదు. నేను చాలాకాలం అలాగే విన్నాను. మూలధనం అంటే బ్యాంకు ఆపదకోసం ఓ పక్కన దాచి ఉంచే డబ్బు అనుకుంటూ ఏళ్లు గడిపాను. ఆ పొరపాటు ఒక కాగితం మీద గీసిన నిలువు గీతతో పోయింది. కింద చెప్పబోయేదంతా ఆ గీత చుట్టూ తిరుగుతుంది.

వినకముందే ఒక బ్యాంకు గీయండి

తెల్లకాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు పైన "బ్యాంకుకు రావాల్సింది" అని, కుడివైపు పైన "ఆ డబ్బు ఎవరిది" అని రాయండి. ఆడియోలో దీన్నే బ్యాలెన్స్ షీట్ అంటారు, మన లెక్కల పుస్తకాల్లో ఆస్తి అప్పుల పట్టీ అంటారు. పేరు ఏదైనా సరే, ఆ రెండు గడులు చాలు.

ఇప్పుడు ఓ చిన్న బ్యాంకు పెడదాం. జనం అందులో 90 డాలర్లు డిపాజిట్ చేశారు. బ్యాంకు పెట్టిన యజమానులు సొంతంగా 10 డాలర్లు వేశారు, మూలధనం అనేది దీన్నే. మొత్తం 100 డాలర్లను బ్యాంకు ఒకరికి ఇంటి అప్పుగా ఇచ్చింది. ఎడమవైపు "ఇంటి అప్పు 100" అని రాయండి. కుడివైపు "డిపాజిట్లు 90", దాని కింద "యజమానుల సొమ్ము 10" అని రాయండి.

ఆ 10 డాలర్లు ఇప్పుడు ఎక్కడున్నాయో వెతకండి. పెట్టెలో లేవు. ఇంటి అప్పుగా వెళ్లిన 100లో కలిసిపోయాయి. నన్ను ఏళ్ల తరబడి తప్పుదారి పట్టించింది ఇదే. మూలధనం ఒకచోట పోగేసి ఉంచిన డబ్బు కాదు. ఎడమవైపు ఉన్నదంతా కలిపి, అందులోంచి ఇతరులకు ఇవ్వాల్సింది తీసేస్తే మిగిలేదే మూలధనం. అది ఒక తీసివేత జవాబు. ఆడియోలో నిపుణులు "బ్యాంకుల దగ్గర మూలధనం తక్కువగా ఉంది" అన్నప్పుడల్లా పెట్టె ఖాళీ అయిందని ఊహించుకోకండి, ఈ తీసివేత గుర్తు చేసుకోండి.

ఇంటి అప్పు తీసుకున్న మనిషి వాయిదాలు కట్టలేకపోతున్నాడు. ఇంటి ధర కూడా పడింది. ఆ అప్పు మీద వసూలయ్యేది ఇక 95 డాలర్లే అనుకుందాం. ఎడమవైపు 100 కొట్టేసి 95 రాయండి. డిపాజిటర్లకు ఇవ్వాల్సింది మాత్రం 90 అలాగే ఉంది, వాళ్ల లెక్కలో ఒక్క డాలరు కూడా తగ్గదు. నష్టమంతా యజమానుల గడిలో పడి, అక్కడి 10 కాస్తా 5 అవుతుంది. ఇంకొంచెం దిగజార్చండి. వసూలయ్యేది 88. ఇవ్వాల్సింది 90. అసలుకే ఎసరొచ్చింది. బ్యాంకు తలుపులు తెరిచే ఉండొచ్చు, లోపల ఉద్యోగులు ఎప్పటిలాగే పనిచేస్తూ ఉండొచ్చు. కాగితం మీద మాత్రం ఆ బ్యాంకు దివాలా తీసింది.

ఇంకో కాగితం మీద ఇంకో బ్యాంకు గీయండి. ఈసారి కుడివైపు అప్పు తెచ్చింది 97, సొంతం 3. ఎడమవైపు విలువ 100కి మూడంటే మూడు డాలర్లు తగ్గితే చాలు, యజమానుల గడి సున్నా. ఇది కల్పన కాదు. 2007 చివరికి అమెరికాలోని పెద్ద పెట్టుబడి బ్యాంకుల్లో ఒకటైన లేమన్ బ్రదర్స్ తన సొంత సొమ్ముకు సుమారు 30 రెట్ల ఆస్తులు మోస్తోంది. ఇళ్ల ధరలు కాస్త పడితే అంత పెద్ద సంస్థ ఎలా కూలుతుందన్న ప్రశ్నకు సగం జవాబు ఈ రెండో కాగితం మీదే ఉంది. దీన్ని చేత్తో గీసి, చేత్తో కొట్టేస్తే తప్ప ఒంటబట్టదు. చదివి వదిలేయకండి.

చూపు సరిగా లేనివారు, అసలు లేనివారు కాగితం బదులు రెండు పళ్లేలు, నాణేలు పెట్టుకోవచ్చు. ఎడమ పళ్లెంలో పది నాణేలు, కుడి పళ్లెంలో తొమ్మిది ఒక కుప్ప, ఒకటి విడిగా. ఎడమలోంచి ఒకటి తీస్తే కుడివైపు విడిగా ఉన్నది కూడా తీయాలి. రెండోది తీయాల్సి వస్తే చెయ్యి డిపాజిటర్ల కుప్ప మీదికి వెళ్తుంది. వేళ్లకు తెలిసే ఈ లెక్క కాగితం కంటే బాగా గుర్తుంటుందని నాకు అనిపిస్తుంది. చూపున్నవారూ ప్రయత్నించవచ్చు.

ఏది ముందు, ఏది తర్వాత

సంక్షోభం నడుస్తున్నప్పుడు రోజువారీ వార్తా బులెటిన్‌తో మొదలుపెట్టకండి. ఈ రోజు షేరు ఎంత పడిందో అది చెబుతుంది, ఎందుకు పడిందో చెప్పే వ్యవధి దానికి ఉండదు. మనుషుల చుట్టూ అల్లిన నిడివైన కథనంతో మొదలుపెట్టండి.

2008 సంక్షోభానికి నేను సూచించేది "ది జయంట్ పూల్ ఆఫ్ మనీ". "దిస్ అమెరికన్ లైఫ్" అనే రేడియో కార్యక్రమంలో 2008 మే 9న వచ్చింది. అలెక్స్ బ్లూంబెర్గ్, ఆడమ్ డేవిడ్‌సన్ చేశారు. గంటసేపు ఉంటుంది. లేమన్ బ్రదర్స్ కూలడానికి నాలుగు నెలల ముందే, ఆదాయం రుజువు చూపించని మనిషికి అంత పెద్ద ఇంటి అప్పు ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్న ప్రశ్న పట్టుకుని, అప్పు తీసుకున్నవారి దగ్గర్నుంచి దళారీ మీదుగా వాల్ స్ట్రీట్ దాకా, అంటే న్యూయార్క్‌లోని పెద్ద పెట్టుబడి బ్యాంకుల దాకా వెళ్లారు. దీనికి రేడియో, టీవీ కార్యక్రమాలకిచ్చే పీబాడీ పురస్కారం వచ్చింది. "ప్లానెట్ మనీ" అనే పాడ్‌కాస్ట్ పుట్టిందీ దీని నుంచే.

రెండోది అదే కార్యక్రమంలో 2008 అక్టోబరు 3న వచ్చిన ఎపిసోడ్. అందులో కమర్షియల్ పేపర్ గురించి వింటారు. అంటే పెద్ద కంపెనీలు కొద్ది రోజులకో కొద్ది వారాలకో ఒట్టి హామీ పత్రం మీద తీసుకునే అప్పు. మూడోది 2009 ఫిబ్రవరి 27 నాటి "బ్యాడ్ బ్యాంక్". బ్యాంకు దివాలా తీయడమంటే ఏమిటో అందులో ఉంది. మీరు గీసిన కాగితం మూడోదానికి బాగా అక్కరకొస్తుంది.

వరస మార్చకండి. మొదటిది మనుషుల కథ, రెండోది మార్కెట్ బిగుసుకుపోయిన కథ, మూడోది బ్యాంకు కడుపులోని కథ. మూడోదానితో మొదలుపెట్టినవాళ్లు సగంలో ఆపేయడం చూశాను.

ఇవి ఇంగ్లీషులో ఉన్నాయి, అమెరికన్ ఉచ్చారణ వేగంగా సాగుతుంది. దానికి వెనకాడాల్సిన పని లేదు. వేగాన్ని 0.8కి తగ్గించండి. ఆ కార్యక్రమం తన వెబ్‌సైట్లో ప్రతి ఎపిసోడ్ మాటలనూ రాతలో పెడుతుంది. మొదటి పది నిమిషాలు రాత చూస్తూ వినండి, గొంతులు అలవాటయ్యాక రాత మూసేయండి. మొత్తం చదవడం మొదలుపెడితే మళ్లీ పత్రిక చదివినట్టే అవుతుంది.

అంకెలను మన లెక్కలోకి మార్చుకోండి

ఇది చిన్న పనే కానీ వదిలేస్తే మునిగిపోతారు. మిలియన్, బిలియన్, ట్రిలియన్ చెవిలో ఒకేలా మోగుతాయి. కాగితం మూలన రాసిపెట్టుకోండి: మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. అప్పుడు 700 బిలియన్ డాలర్లు అన్నమాట 70 వేల కోట్ల డాలర్లు అవుతుంది. మొదటి కథనంలో చెప్పే ప్రపంచ పెట్టుబడుల రాశి 70 ట్రిలియన్, అంటే 70 లక్షల కోట్ల డాలర్లు. ఒకదానికి ఇంకొకటి వంద రెట్లు. చెవికి ఆ తేడా తెలియదు, కోట్లలోకి మార్చగానే కంటికి కొడుతుంది.

మొదటిసారి మనుషులను, రెండోసారి డబ్బును వినండి

మొదటిసారి వింటున్నప్పుడు కలం ముట్టుకోకండి. ఎవరెవరు మాట్లాడారో గుర్తుంటే చాలు. మర్నాడు రెండోసారి వినండి. ఈసారి కొత్త మనిషి మాట్లాడటం మొదలుపెట్టిన ప్రతిసారీ ఆపి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇతని చేతిలో ఉన్న డబ్బు ఎవరిది? ఎవరికి ఇస్తున్నాడు? తను ఎప్పుడు తిరిగి ఇవ్వాలి? వసూలు కాకపోతే నష్టం ఎవరిది?

నాలుగో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. 2008 కథ గుండెకాయ అక్కడుంది. ఇంటి అప్పు ఇప్పించిన దళారీకి ఆ రోజే కమీషన్ ముడుతుంది, తర్వాత వాయిదాలు కట్టినా కట్టకపోయినా అతనికి పోయేదేమీ లేదు. అప్పు ఇచ్చిన సంస్థ నెల తిరక్కుండా ఆ పత్రాన్ని వాల్ స్ట్రీట్‌కు అమ్మేస్తుంది. వాల్ స్ట్రీట్ బ్యాంకు వేల పత్రాలను ఒక మూటగా కట్టి, ముక్కలుగా కోసి, ప్రపంచమంతటా పెట్టుబడిదారులకు అమ్ముతుంది. మన ఎరుకలో అప్పిచ్చేవాడు తీసుకునేవాడి ఇల్లూ వాకిలీ, పంటా పనీ చూస్తాడు, ఎందుకంటే మునిగితే మునిగేది తనే. ఇక్కడ గొలుసులో ప్రతివాడూ నష్టాన్ని పక్కవాడి చేతిలో పెట్టి తప్పుకున్నాడు. అందువల్ల ఆదాయం అడగడం మానేశారు, ఆస్తి అడగడం మానేశారు, చివరికి ఏదీ అడగని అప్పులకు ఒక పేరు కూడా పెట్టారు.

అసలు అంత డబ్బు అప్పులివ్వడానికి ఎందుకు ఎగబడింది? 2003 జూన్‌లో అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటును 1 శాతానికి తగ్గించింది, ఏడాదిపాటు అక్కడే ఉంచింది. భద్రమైన ప్రభుత్వ బాండ్ల మీద రాబడి అడుగంటింది. కాస్త ఎక్కువ వడ్డీ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్న డబ్బుకు ఇంటి అప్పుల మూటలు కనిపించాయి. వింటున్నప్పుడు ఈ ముక్క వేగంగా దాటిపోతుంది. వెనక్కి తిప్పి మళ్లీ వినండి. అత్యాశ అన్న ఒక్క మాటతో కథ ముగించేవాళ్లకు, అత్యాశ ఎప్పుడూ ఉన్నదే కదా, ఆ ఏళ్లలోనే ఎందుకు పేలింది అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది.

జబ్బులు రెండు, లక్షణం ఒకటే

ప్రతి బ్యాంకు కథ వింటున్నప్పుడూ ఒక విషయం తేల్చుకోవాలి. ఈ బ్యాంకుకు చేతిలో నగదు లేకపోయిందా, లేక ఉన్న ఆస్తులు ఇవ్వాల్సిన అప్పులకు చాలకపోయాయా? బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, జనం వచ్చి అడుగుతారు, బ్యాంకు చేతులెత్తేస్తుంది. కాగితం మీద మాత్రం వేరు. మొదటి జబ్బులో ఎడమవైపు మొత్తం సరిపోతుంది, కానీ అది పాతికేళ్ల ఇంటి అప్పుల రూపంలో ఉంది, రేపు పొద్దున్నకు నగదుగా మారదు. రెండో జబ్బులో ఎంత వ్యవధి ఇచ్చినా ఎడమ, కుడికి సరితూగదు. ఆడియోలో మొదటిదాన్ని లిక్విడిటీ సమస్య అనీ రెండోదాన్ని సాల్వెన్సీ సమస్య అనీ అంటారు. మొదటి జబ్బుకు కేంద్ర బ్యాంకు తాత్కాలికంగా అప్పిస్తే తగ్గుతుంది. రెండోదానికి ఎవరో ఒకరు నష్టం భరించాల్సిందే.

చిక్కేమిటంటే మొదటిది రెండోదిగా మారుతుంది. నగదు కోసం ఆస్తులను తొందరపడి అమ్మితే సగం ధరే వస్తుంది, ఆ నష్టం యజమానుల గడిని తినేస్తుంది. దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ 2023 మార్చిలో కూలిన సిలికాన్ వ్యాలీ బ్యాంక్. దాని మీద బోలెడు ఆడియో కథనాలు వచ్చాయి, ఏది దొరికితే అది వినండి. కానీ ముందు ఈ లెక్క చేయండి.

వడ్డీ రేట్లు బాగా తక్కువగా ఉన్నప్పుడు బ్యాంకు 100 డాలర్లు పెట్టి పదేళ్ల ప్రభుత్వ బాండు కొంది. ఏటా 1.5 డాలర్ల వడ్డీ వస్తుంది. తర్వాత రేట్లు పెరిగి కొత్త బాండ్లు ఏటా 4 డాలర్లు ఇస్తున్నాయి. ఇప్పుడు మీ పాత బాండును 100కి ఎవరు కొంటారు? ఎవరూ కొనరు. సుమారు 80 డాలర్లకు దిగితేనే కొంటారు. ఆ బాండులో మోసం లేదు, అమెరికా ప్రభుత్వం డబ్బు ఎగ్గొట్టదు, పదేళ్లు ఓపిక పడితే 100కి 100 వస్తుంది. ఇప్పుడే అమ్మాల్సి వస్తేనే నష్టం.

2022 మార్చి నుంచి ఫెడరల్ రిజర్వ్ రేట్లను సున్నా దగ్గర్నుంచి ఏడాదిలోపే నాలుగున్నర శాతం దాటించింది. సిలికాన్ వ్యాలీ బ్యాంక్ 2023 మార్చి 8న, 2,100 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మేశామని, 180 కోట్ల డాలర్ల నష్టం వచ్చిందని, కొత్త మూలధనం సేకరిస్తామని ప్రకటించింది. మర్నాడు ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్ల డిపాజిట్లు బయటికి వెళ్లాయి. ఆ మర్నాటికి ఇంకో 10 వేల కోట్ల డాలర్లు వెనక్కి అడిగినవాళ్లు వరసలో ఉన్నారు. మార్చి 10న నియంత్రణ సంస్థలు దాన్ని మూసేశాయి. 1933లో వరసలు వీధిలో ఉండేవి. 2023లో వరస ఫోన్లలో ఉంది, ఎవరికీ కనిపించలేదు.

అంత తొందర ఎందుకంటే, అమెరికాలో డిపాజిట్ బీమా ఒక ఖాతాదారుకు ఒక బ్యాంకులో రెండున్నర లక్షల డాలర్ల వరకే. ఆ బ్యాంకు డిపాజిట్లలో 90 శాతానికి పైగా ఆ హద్దు దాటినవే, ఎక్కువగా కొత్త కంపెనీల సొమ్ము. కాబట్టి కుడివైపు గడిలో "డిపాజిట్లు" అని రాసి ఊరుకోకండి. బీమా ఉన్నవి ఎంత, లేనివి ఎంత అని రెండుగా చీల్చండి. బీమా లేని డబ్బుకు కాళ్లు ఉంటాయి.

కుడివైపు డబ్బు ఎంత త్వరగా పోగలదన్నదానికి ఇంకో ఉదాహరణ రెండో ఎపిసోడ్‌లో వినే కమర్షియల్ పేపర్ లోకంలో దొరుకుతుంది. రిజర్వ్ ప్రైమరీ ఫండ్ అని ఒక మనీ మార్కెట్ ఫండ్, అంటే జనం డబ్బు పోగుచేసి కొద్దికాలపు అప్పు పత్రాలు కొనే నిధి. బ్యాంకు ఖాతా అంత భద్రమని జనం అందులో డబ్బు పెట్టేవాళ్లు. అది లేమన్ పత్రాలు 78.5 కోట్ల డాలర్లవి కొనిపెట్టుకుంది. 2008 సెప్టెంబరు 15న లేమన్ దివాలా ప్రకటించింది. మర్నాడు ఆ ఫండ్‌లో డాలరు విలువ 97 సెంట్లకు పడింది. మూడు సెంట్లే కదా అనిపిస్తుంది. కానీ ఒక్క సెంటు కూడా పోదని నమ్మి పెట్టిన డబ్బు అది. నమ్మకం పోయేసరికి అలాంటి ఫండ్లన్నిటి మీదా జనం ఎగబడ్డారు, ఆ ఫండ్లు కంపెనీల పత్రాలు కొనడం మానేశాయి, బ్యాంకుతో ఏ పేచీ లేని కంపెనీలకు కూడా జీతాలకు డబ్బు దొరుకుతుందా అన్న భయం పట్టుకుంది.

మీకు పట్టు దొరికిందో లేదో ఇలా పరీక్షించుకోండి

2008 అక్టోబరు 3న అమెరికా ప్రభుత్వం 70 వేల కోట్ల డాలర్ల సహాయ చట్టం చేసింది. దాని కింద పెట్టిన "ట్రబుల్డ్ అసెట్ రిలీఫ్ ప్రోగ్రామ్" ఉద్దేశం, పేరు చెప్పినట్టే, బ్యాంకుల దగ్గర చెడిపోయిన ఆస్తులను ప్రభుత్వం కొనడం. రెండు వారాలు తిరక్కుండానే, అక్టోబరు 14న, పద్ధతి మారింది. ఆస్తులు కొనడం బదులు బ్యాంకుల్లోనే ప్రభుత్వం వాటా కింద డబ్బు పెట్టడం మొదలైంది. మొదటి విడతలో తొమ్మిది పెద్ద బ్యాంకులకు 12,500 కోట్ల డాలర్లు. ఎందుకు మారింది? ఆడియో ఆపి, మొదటి కాగితం ముందు పెట్టుకుని మీరే జవాబు వెతకండి.

ఎడమవైపు 100గా రాసుకున్న అప్పుకు మార్కెట్లో ఇప్పుడు 60కి మించి రాదనుకుందాం. ప్రభుత్వం 60 ఇచ్చి కొంటే బ్యాంకు చేతికి నగదు వస్తుంది, కానీ ఎడమ 60, డిపాజిట్లు 90. కొనుగోలు వల్లే దివాలా బయటపడింది. పోనీ 95 ఇచ్చి కొంటే బ్యాంకు బతుకుతుంది, 35 డాలర్లు పన్ను కట్టేవాళ్ల నెత్తిన పడతాయి, ప్రతిఫలంగా వాళ్లకేమీ రాదు. ఎంతకు కొనాలన్నదే తెగని పేచీ. అదే డబ్బును కుడివైపు, యజమానుల గడిలో పెడితే ఆ గడి నిండుతుంది, బ్యాంకు కోలుకుంటే ప్రభుత్వానికి వాటా ఉంటుంది. నిపుణులు వారాల తరబడి వాదించుకున్నది ఎడమ గడి బాగుచేయాలా, కుడి గడి నింపాలా అన్నదాని మీదే. ఇక్కడిదాకా మీ అంతట మీరు రాగలిగితే, ఇకముందు ఏ బ్యాంకు మీద వచ్చిన కథనమైనా మీకు అడ్డం తిరగదు.

గొంతును ఎంతవరకు నమ్మాలి

ఆడియోకు ఉన్న బలమే దాని లోపం కూడా. ఏడుపు గొంతులో ఉన్నవాడు నిజం చెబుతున్నట్టు, తడబడేవాడు దాస్తున్నట్టు మనకు అనిపిస్తుంది. సంగీతం వెనక నుంచి తోస్తుంది. ఇల్లు పోగొట్టుకున్న మనిషి మాట విన్నాక అప్పిచ్చిన దళారీ మీద కోపం రావడం సహజం, రావాలి కూడా. కానీ ఆ దళారీ లేకపోతే సంక్షోభం వచ్చేది కాదా అని కాగితాన్ని అడగండి. మాట్లాడినవాళ్ల జాబితా పక్కనే మాట్లాడనివాళ్ల జాబితా రాయండి. ఆ మూటలకు అత్యున్నత భద్రత ముద్ర వేసిన రేటింగ్ సంస్థలవాళ్లు వినిపించారా? నియంత్రణ సంస్థ? బ్యాంకు షేర్లున్నవాళ్లు? ఎవరూ ఇంటర్వ్యూ ఇవ్వని గడి ఏదో గుర్తు పెట్టుకుంటే, తర్వాత ఏం వినాలో తెలిసిపోతుంది.

తేదీ తప్పకుండా చూడండి. 2008 మేలో చేసిన కథనానికి లేమన్ కూలుతుందని తెలియదు. అది లోపం కాదు. ఏం జరుగుతుందో తెలియని మనుషుల గొంతులు అవి, తర్వాత రాసిన ఏ చరిత్రలోనూ ఆ తెలియనితనం దొరకదు. కానీ అంకెలు మాత్రం ఆ రోజువే. ఇప్పటి అంకె కావాలంటే ఇప్పటిది వెతకాలి.

ఇంకో జాగ్రత్త. బ్యాంకు కూలింది అనగానే డిపాజిటర్లందరి డబ్బూ పోయిందని చెవి అనేసుకుంటుంది. 2008 సెప్టెంబరు 25న మూతపడ్డ వాషింగ్టన్ మ్యూచువల్ అనే బ్యాంకు ఆస్తులు 30,700 కోట్ల డాలర్లు, అమెరికా చరిత్రలో అంత పెద్ద బ్యాంకు వైఫల్యం లేదు. అంతకుముందు పదిరోజుల్లో 1,670 కోట్ల డాలర్లు జనం తీసేసుకున్నారు. అయినా నియంత్రణ సంస్థ ఆ రాత్రే బ్యాంకును జేపీ మోర్గాన్ అనే ఇంకో పెద్ద బ్యాంకుకు అమ్మడంతో డిపాజిటర్లు మర్నాడు మామూలుగానే ఖాతాలు వాడుకున్నారు. మునిగింది షేర్లున్నవాళ్లు, ఆ సంస్థకు బాండ్ల మీద అప్పిచ్చినవాళ్లు. ఎవరు మునిగారు అన్నదాన్ని గడి పేరుతో సహా చెప్పని కథనాన్ని సగం కథనంగానే లెక్కేయండి.

తిరిగి చెప్పండి

మూడు ఎపిసోడ్లూ అయ్యాక ఫోన్లో రికార్డు నొక్కి ఐదు నిమిషాలు మీ తెలుగులో చెప్పండి. కాగితం చూడొచ్చు, ఇంగ్లీషు మాట వాడితే వెంటనే దాని అర్థం చెప్పాలి, ఆ ఒక్కటే నియమం. తర్వాత వినండి. ఎక్కడ మీ గొంతు వేగం పెంచిందో అక్కడ మీకు అర్థం కాలేదు. మనం తెలియని చోట తొందరగా దాటేస్తాం. ఆ చోటు రాసుకుని, ఆ భాగం మాత్రం మళ్లీ వినండి. రెండోసారి రికార్డు చేసినప్పుడు ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకోండి. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న నిపుణుడు అడిగేదానికంటే పదునుగా ఉంటుంది, చాలాసార్లు అది "మరి ఆ డబ్బంతా ఎక్కడికి పోయింది?" అనే ఉంటుంది. కాగితం చూపించండి. ఎడమవైపు కొట్టేసిన అంకెలు చూపించండి.

చివరగా ఆ 1933 నాటి ప్రసంగం వినండి, రికార్డింగ్ ఇంటర్నెట్లో దొరుకుతుంది. ఈసారి శ్రోతగా కాదు, కాగితం చేత పట్టుకుని. సోమవారం పన్నెండు ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నగరాల్లో, మంగళవారం క్లియరింగ్ హౌస్ (బ్యాంకులు తమలో తాము చెక్కుల లెక్కలు తేల్చుకునే చోటు) ఉన్న నగరాల్లో, బుధవారం నుంచి మిగతా చోట్ల అని బ్యాంకులను విడతలుగా తెరుస్తున్నట్టు ఆయన చెబుతాడు. సోమవారం మీ బ్యాంకు తెరవకపోతే అది ఇక తెరవదని అర్థం కాదనీ చెబుతాడు. కొన్ని బ్యాంకులు తెరవకుండానే పోవచ్చని కూడా ఒప్పుకుంటాడు. అక్కడ ఆపండి. ఆయన చెప్పేది చేతిలో నగదు లేని బ్యాంకు గురించా, అప్పులకు ఆస్తులు చాలని బ్యాంకు గురించా? వాక్యం వాక్యం దగ్గరా ఆపి, ఏ గడికి చెందిందో పక్కన రాసుకుంటూ వెళ్లండి.